కాట్లాడకపోతే కాపురం కుదిరినట్టేనా?

సంక్రాంతికి బెంగుళూరు నుంచి గడివేములకు వచ్చిన మా మేనల్లుడు అరుగు మీద కూర్చొని ఫోనులో ఒక వీడియో చూపించాడు. గాజు పెట్టె. అందులో చుట్ట చుట్టుకుని ఒక బాల్ పైథాన్. దాని వీపు మీద వాలి, సన్నగా, నారింజ రంగులో ఒక కార్న్ స్నేక్. "చూడు మామా, అన్నదమ్ముల మాదిరి ఎట్ల పండుకున్నాయో! ఆర్నెల్లయింది, ఒక్క దినమన్నా కాట్లాడుకోలేదు" అన్నాడు. చుట్టూ చేరినవాళ్ళు మురిసిపోయారు. శనగచేను నుంచి అప్పుడే వచ్చిన పెద్దాయన ఒకరు "యా జీవికైనా తోడుండాల గదప్పా" అని తీర్పు కూడా చెప్పేశాడు.

అంతకు ముందు వానాకాలంలో ఇదే మాట ఇంకో రూపంలో విన్నాను. ఇళ్ళలో దూరిన పాములను పట్టే కుర్రాళ్ళిద్దరు ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చారు. అందులో ఒక నాగుపాము, రెండు జెర్రిపోతులు, ఒక నీరుకట్టు. "పొద్దున్నే నల్లమలలో ఇడిసిపెడతాం సార్, రాత్రికి ఈడనే ఉంటాయి" అన్నారు. అన్నీ ఒకదాంట్లోనే వేశారేమని అడిగితే, "అన్నీ పాములే గద సార్" అన్నారు.

చదువుకున్న మేనల్లుడికీ, చదువు మధ్యలో మానేసిన ఈ కుర్రాళ్ళకీ, శనగచేను పెద్దాయనకీ మధ్య వేరే ఏ విషయంలోనూ ఏకాభిప్రాయం ఉండదు. పాముల కాపురం దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకే మాట. పాములన్నీ ఒకటే, కొట్టుకోకపోతే కలిసున్నట్టే, తోడు ఉంటే మంచిదే అని. ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ మూడు మాటల్లో ఒక్కటీ నాకు మింగుడు పడదు.

పాములన్నీ ఒకటే అనడం తెలుగువాడి నోట రాదగిన మాటే కాదు. 1796లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద బొమ్మల పుస్తకం అచ్చు వేయించాడు. ఆయన విశాఖపట్నంలో కాపురముండి పాములను పోగు చేసినవాడు. ఇక్కడివాళ్ళు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆయన పేరుతో రస్సెల్స్ వైపర్ అని పిలిచే రక్తపింజరకు ఆయన పుస్తకంలో ఉన్న పేరు 'కాటుక రేకుల పొడ'. ఆ పాము ఒంటి మీది మచ్చలను ఒక్కసారి చూసినవాడికి ఆ పేరు ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది. కట్లపాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన 'బుంగారస్' అనే లాటిన్ పేరుకు మూలం మన 'బంగారు' అనే మాట. అక్షరం రాని పాములవాడు పొడను బట్టి, నడకను బట్టి, ఉండే చోటును బట్టి దేని పేరు దానికి పెడితే, వాళ్ళ మనవలం మనం అన్నిటినీ తీసుకెళ్ళి ఒక డ్రమ్ములో పోస్తున్నాం.

మేనల్లుడి పెట్టెలోని రెండింటినే తీసుకోండి. బాల్ పైథాన్‌ది పశ్చిమ ఆఫ్రికా. పగలంతా ఎలుక బొరియల్లోనో చెదపుట్టల్లోనో ముడుచుకుని ఉండి రాత్రికి బయటికొస్తుంది. దానికి వెచ్చదనం కావాలి, గాలిలో తేమ కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా దాని జోలికి ఎవరూ పోకూడదు. బెదిరితే తలను చుట్టల మధ్య దాచుకుని బంతిలా అయిపోతుంది. దాని పేరులో ఆ బంతి వచ్చింది అందుకే. కార్న్ స్నేక్‌ది అమెరికా ఆగ్నేయ భాగం. అది చెట్లూ గోడలూ ఎగబాకే పాము, పెట్టెలో ఉన్నా మూలమూలలూ వెతుకుతూనే ఉంటుంది. దానికి అంత వేడీ అంత తేమా పనికిరావు. కొండచిలువ జాతికి ఊపిరితిత్తులు రెండు, తోక మొదట్లో కాళ్ళ ఆనవాళ్ళు కూడా మిగిలి ఉంటాయి. కార్న్ స్నేక్‌కు పనిచేసే ఊపిరితిత్తి ఒక్కటే. వంశవృక్షంలో ఈ రెండూ కుక్కా పిల్లీ విడిపోయిన కాలం కన్నా చాలా ముందే విడిపోయాయి. పెట్టెలో ఉన్న ఒక్క లైటూ ఒక్క నీళ్ళ గిన్నే రెండింటికీ చాలదు. ఒకదానికి సరిపెడితే రెండోదానికి శిక్షే.

ఇక కాట్లాడకపోవడం సంగతి. ఇక్కడ మన ఊరి నమ్మకం ఒకటి గుర్తు చేయాలి. జెర్రిపోతు నాగుపాముతో జత కడుతుందని మనవాళ్ళు ఒట్టేసి చెప్తారు. చేలగట్టు మీద రెండు పాములు నిలువునా లేచి పెనవేసుకుంటే 'సయ్యాట' అని దూరం నుంచి దండం పెడతారు. కొత్త గుడ్డ విసిరితే అదృష్టమనే వాళ్ళూ ఉన్నారు. నిజానికి ఆ రెండూ జెర్రిపోతులే, తరచుగా రెండూ మగవే. ఆడదాని కోసం, హద్దు కోసం కుస్తీ పడుతున్నాయి. మెడ మీద మెడ వేసి రెండోదాని తల నేలకు వంచినదే గెలిచినట్టు. కాటు ఉండదు, నెత్తురు ఉండదు. తరతరాలుగా మనం ఆ కుస్తీని సరసమనుకుని దండం పెడుతున్నాం.

అదే కన్నుతో ఇప్పుడు గాజు పెట్టెలోకి చూస్తున్నాం. వేడి లైటు కింద ఒకే ఒక మంచి చోటు ఉంటుంది. పాము ఒంటిలో వేడి పుట్టదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. తిన్న ఎలుక అరగాలన్నా, జబ్బును తట్టుకోవాలన్నా ఆ వేడే దిక్కు. అందుకని రెండూ అక్కడికే చేరతాయి. ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. మనకది ఆప్యాయత. రెండో చోటు లేనందువల్ల రెండూ అక్కడ ఉన్నాయి, అంతే. బస్సులో ఒక సీటులో ముగ్గురు ఇరుక్కుని నంద్యాల దాకా పోతే వాళ్ళు ప్రాణ స్నేహితులైపోతారా? బలహీనమైన పాము చివరికి చల్లటి మూలకు జరుగుతుంది. తిన్నది అరక్క కక్కుతుంది, మెల్లగా తిండి మానేస్తుంది. మనిషి మాత్రం 'దీనికి ఆ మూల ఇష్టం' అనుకుంటాడు.

పాముకు కనురెప్ప లేదు, ముఖంలో భావం పలకదు, నొప్పి పుడితే అరవదు. కుక్కయితే మూలుగుతుంది, కోడయితే అరుస్తుంది. పాము బాధ మనకు కనపడే వేళకు అది చివరి దశలో ఉంటుంది. 'ఆర్నెల్లుగా ఏమీ కాలేదు' అంటే ఆర్నెల్లుగా మనకు ఏమీ కనపడలేదని మాత్రమే.

ఇంకొకటి. మనం చూపుతో బతుకుతాం, పాము నాలుకతో బతుకుతుంది. ఆ చీలిన నాలుకను బయటికి ఆడించినప్పుడల్లా గాలిలోని వాసనను అంగిట్లో ఉన్న జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. ఎర, శత్రువు, ఆడ, మగ అన్నీ దానికి అక్కడే తెలుస్తాయి. నీలం డ్రమ్ములో జెర్రిపోతు పక్కన నాగుపామును వేశారు కదా, ఆ రాత్రంతా జెర్రిపోతుకు నాలుక ఆడించినప్పుడల్లా తెలిసింది ఒక్కటే. తనను మింగగలిగినది పక్కనే ఉంది, పోవడానికి దారి లేదు. నాగుపాములు జెర్రిపోతులను తింటాయి. ఆ రాత్రి తినలేదంటే, పట్టినప్పటి బెదురు ఇంకా తీరలేదనో ఆకలి లేదనో అనుకోవాలి.

పామును పాము తినడం అరుదు అనుకునేవాళ్ళ కోసం చెప్తున్నాను. రాచనాగు శాస్త్రీయ నామానికి అర్థమే 'పాములను తినేది'. మన కట్లపాముకు కూడా ముఖ్యమైన తిండి పాములే, తన జాతి పిల్లలను కూడా వదలదు. 'ఒకటి పగటి పాము, ఒకటి రాత్రి పాము, ఎవరి వేళ వారిది, గొడవేముంది' అని తెలివిగా వాదించేవాళ్ళున్నారు. పగటి పాము నిద్రపోయే వేళకే కట్లపాము వేటకు లేస్తుందని వీళ్ళకు గుర్తుండదు. పెంపుడు పాముల అంగళ్ళలో ఎక్కువగా అమ్ముడయ్యే కింగ్ స్నేక్ కూడా పాములను తినేదే, రాటిల్ స్నేక్ విషం కూడా దాన్ని పెద్దగా ఏమీ చేయదు. కార్న్ స్నేక్‌ను దానికి తోడు పెట్టడమంటే మేత వేయడమే. పాములను తినని జాతులైనా ఎలుకను వేసిన రోజు నమ్మకం లేదు. రెండు వైపుల నుంచి రెండు పాములు ఒకే ఎలుకను పట్టుకుంటే పళ్ళు వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి వదలడం కష్టం. పెద్దది మింగుతూ మింగుతూ చిన్నదాని తల దాకా వస్తుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని మన సామెత. ఇక్కడ రెండు వైపులా పామే.

ఇదంతా పక్కన పెట్టినా, ఒక్క జబ్బుల మాట చాలు ఈ వాదాన్ని కొట్టేయడానికి. పెద్దగా పట్టించుకోనిదీ ఇదే. కరోనా పుణ్యమా అని క్వారంటైన్ అంటే మా వీధి ముసలమ్మకు కూడా తెలుసు. పాముల విషయంలో ఆ మాట ఎవరికీ గుర్తు రాదు. కొత్తగా తెచ్చిన పామును, అదే జాతిదైనా సరే, కనీసం మూడు నెలలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచాలని తెలిసిన పెంపకందార్లు చెప్తారు. ఎందుకంటే ఒక జాతికి ఏమీ చేయని క్రిమి ఇంకో జాతిని చంపేస్తుంది.

మేనల్లుడు వచ్చే నెల ఒక బోయాను కూడా తెచ్చి అదే పెట్టెలో వేస్తానన్నాడు. బోయాల్లో 'ఇన్‌క్లూజన్ బాడీ' అనే వైరస్ జబ్బు ఉంది. బోయా దాన్ని ఒంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి పైకి నిగనిగలాడుతూ తిరగగలదు. అదే కొండచిలువ జాతికి అంటితే నరాల మీద దెబ్బ కొడుతుంది. తల మెలికలు తిరుగుతుంది, ఆకాశంలోకి చూస్తూ ఉండిపోతుంది, వెల్లకిలా తిప్పితే మళ్ళీ బోర్లా తిరగలేదు. కొన్ని వారాల్లో చస్తుంది. మందు లేదు. ఇంకోటి క్రిప్టోస్పోరిడియం. పొట్ట గోడలు ఉబ్బుతాయి, తిన్నది కక్కుతుంది, పాము చిక్కి శల్యమవుతుంది. మామూలు ఫినాయిలు వేసి కడిగినా ఆ క్రిమి గుడ్లు చావవు. పాముల ఒంటి మీద నల్లటి చుక్కల్లా తిరిగే పేలు సరేసరి, అవి నెత్తురు తాగుతూ ఒకదాని జబ్బును ఇంకోదానికి మోస్తాయి. తాబేలు కడుపులో హాయిగా బతికే ఒక రకం అమీబా పాము కడుపులో పడితే పేగులు కుళ్ళిపోతాయి. అందుకే పాములనూ తాబేళ్ళనూ ఒక నీటిలో ఉంచకూడదంటారు.

జబ్బు వచ్చిందని తెలియడం ఎట్లా? పెట్టెలో కక్కు కనిపించింది. ఎవరిది? నీళ్ళలా పల్చటి మలం ఉంది. ఎవరిది? ఒక్కటే ఉంటే ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళం. రెండుంటే ఇద్దరినీ అనుమానించి, చివరికి ఎవరినీ తీసుకెళ్ళం. నేను ఈ ప్రశ్న అడిగితే మేనల్లుడు కాసేపు ఆలోచించి, "రెండూ బాగానే ఉండాయి మామా" అన్నాడు. అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి.

అవతలి వాదంలో బలమున్న మాటలు లేకపోలేదు, వాటిని దాటేయడం న్యాయం కాదు. కెనడాలో మానిటోబా రాష్ట్రంలో నార్సిస్ అనే చోట సున్నపురాయి గుంతల్లో వేల వేల గార్టర్ పాములు చలికాలమంతా ఒక్కచోటే ముద్దలు ముద్దలుగా ఉంటాయి. ఈ గార్టర్ పాములు తమలో తాము కొన్ని తోడులను ఎంచుకుంటాయని 2020లో కెనడాలోనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. పాముకు తోడంటే అసలు తెలియదని నేను ఇన్నాళ్ళు బడిలో చెప్పిన మాటను ఈ ప్రయోగం కొంత తప్పని తేల్చింది, ఒప్పుకుంటాను. అయితే అవన్నీ ఒకే జాతి పాములు. చలికి గడ్డకట్టిపోయే చోట బతకడానికి ఒక గుంతలో చేరాయి, ఎండ రాగానే ఎవరి దారిన అవి పోతాయి. అమెరికాలో కొన్ని కొండ చీలికల్లో రెండు మూడు జాతులు కలిసి చలికాలం గడిపే మాటా నిజమే. అప్పుడవి చలికి మొద్దుబారి ఉంటాయి, తిండి ముట్టవు. ఆ చలి మీ గాజు పెట్టెలో ఎక్కడిది? జూల వాళ్ళు కొన్ని చోట్ల కలిపి ఉంచుతారు. వాళ్ళకు గది అంత ఆవరణ ఉంటుంది, వైద్యుడు ఉంటాడు, చూడటానికి జీతమిచ్చి పెట్టిన మనుషులుంటారు. మంచం కింద మూడడుగుల పెట్టె పెట్టుకున్నవాడు జూను ఉదాహరణగా చెప్పుకోకూడదు.

'మా చేలో అన్నీ కలిసే ఉంటాయి కదా' అనేది మన ఊరి వాదం. ఉంటాయి. ఎండాకాలంలో మా నల్లరేగడి నెర్రెలిచ్చినప్పుడు ఆ నెర్రెల్లో ఎలుకలుంటాయి, వాటి వెనక జెర్రిపోతు ఉంటుంది, నాగుపాము ఉంటుంది, కట్లపాము ఉంటుంది. కుందూ ఒడ్డున నీరుకట్టు ఉంటుంది, వదులు నేల దొరికిన చోట రెండు తలల పాము మట్టిలో దూరి ఉంటుంది. అయితే అవి ఎకరాల మీద పరచుకుని ఉంటాయి. ఒకదానికొకటి ఎదురైతే ఒకటి పారిపోతుంది, లేదా ఒకటి ఇంకోదానికి ఆహారమవుతుంది. పారిపోవడానికి దారి ఉండటమే చేనుకూ పెట్టెకూ తేడా. నీరుకట్టుకు సరిపోయే తడిలో రెండు తలల పామును ఉంచితే పొట్ట పొలుసులు బొబ్బలెక్కి కుళ్ళిపోతాయి. పొడి ఇసుకలో నీరుకట్టును ఉంచితే అది ఎండిపోతుంది. చేలో ఎవరి చోటు వాళ్ళు వెతుక్కుంటారు.

తోడు మాట కూడా తేల్చేద్దాం. కొండచిలువ తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని దాదాపు రెండు నెలలు ఉపవాసం ఉంటుంది. పిల్లలు బయటికొచ్చాక ఎవరి దారి వారిదే. తల్లి దగ్గరే ఆగని జీవికి వేరే ఖండం నుంచి వచ్చిన వేరే జాతి పామును తోడు తెచ్చి, దాని ఒంటరితనం తీర్చానని చెప్పుకోవడం మన ఒంటరితనం దానికి అంటగట్టడమే. బెంగుళూరులో ఒక్క గదిలో ఉండేది మా వాడు, పాము కాదు. ఈ మాట అన్నందుకు మా చెల్లెలు నాతో ఒక పూట మాట్లాడలేదు.

చట్టం సంగతి క్లుప్తంగా. మన దేశపు పాములను, నాగుపాము కానీ జెర్రిపోతు కానీ, ఇంట్లో పెంచుకోవడానికి ఎవరికీ హక్కు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అంటే చంపడమే కాదు, పట్టుకోవడం కూడా. కొండచిలువలాంటి మొదటి షెడ్యూలు జంతువు విషయంలో మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు ఉంది. విదేశీ పాముల్లో వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం జాబితాలో ఉన్నవాటిని నమోదు చేయించాలని 2022 సవరణా 2024 నియమాలూ చెప్తున్నాయి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది. "నమోదు చేయించినావా?" అంటే మా వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

నీలం డ్రమ్ము కుర్రాళ్ళను మాత్రం నేను మేనల్లుడితో సమానంగా తిట్టలేను. వాళ్ళు రాకపోతే ఆ నాలుగు పాములూ కర్ర దెబ్బలకు చచ్చేవి. వాళ్ళు చేస్తున్నది పుణ్యం, చేసే తీరు తప్పు. రాత్రంతా ఒక డ్రమ్ములో మూడు జాతుల నోటి తడీ మలమూ కలిపి, పొద్దున్నే నల్లమలలో ఒకేచోట వదిలితే అడవికి పాములతో పాటు ఇంకేం ఇస్తున్నామో ఆలోచించాలి. అమెరికాలో ఫ్లోరిడాకు పెంపకం కోసం తెచ్చిన బర్మా కొండచిలువలు అడవిలో పడ్డాక, వాటి ఊపిరితిత్తుల్లో ఉండే పురుగులాంటి పరాన్నజీవి అక్కడి పాములకు అంటుకుంది. ఎన్నడూ దాన్ని చూడని జాతులు దానికి చస్తున్నాయి. గడివేముల చేల పాముకు నల్లమల పుట్టిల్లు కూడా కాదు. తెలియని చోట వదిలిన పాము దారి తెలియక తిరిగి తిరిగి ఎవరి కంటో పడుతుంది. పట్టిన చోటికి దగ్గర్లో, ఇళ్ళకు దూరంగా, అటవీ శాఖవాళ్ళకు చెప్పి వదలడం మేలు.

మేనల్లుడు పోయిన వారం ఫోను చేసి రెండో పెట్టె కొన్నానని చెప్పాడు. బోయా ఆలోచన మానుకున్నాడో లేదో చెప్పలేదు, నేనూ అడగలేదు. కుర్రాళ్ళకు చెప్పాల్సింది మాత్రం ఇంకా ఉంది. అబ్బాయిలూ, పాముకు ఒక గుడ్డ సంచి చొప్పున పెట్టుకోండి, మూతి గట్టిగా కట్టండి, వాడిన సంచిని ఉడుకు నీళ్ళలో ఉతికి ఎండలో ఆరేసేదాకా ఇంకో పామును అందులో వేయొద్దు. సంచి తక్కువ పడితే రాత్రి ఎంత పొద్దుపోయినా మా తలుపు కొట్టండి. మా ఇంట్లో పాత దిండు గలీబులు చాలా ఉన్నాయి.